పెద్దల్లుడి కడుపు

టేపు పెట్టకుండానే ఎదుటి మనిషి నడుము కొలత చెప్పగల కన్ను టైలరమ్మది. ఆ కన్ను మూడేళ్లుగా తన వీధి మలుపు కూడా చూడలేదు. పేగులకు పట్టిన జబ్బు మందులకు చాలావరకు లొంగింది. లొంగనిది ఒక్కటే మిగిలింది. కడుపులో కదలిక మొదలైందంటే ఇక ఆగే ప్రసక్తి లేదు, చేతిలో కత్తెర ఎక్కడిదక్కడ పడేసి పరుగెత్తాల్సిందే. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, దాని వెనకే బాత్రూము. ఆ రెంటి మధ్య ఉన్న కాస్త చోటే ఆవిడ రాజ్యం. చుట్టాలు శుభకార్యానికి పిలిస్తే వాళ్ల బట్టలన్నీ కుట్టి పంపేది, తను మాత్రం వెళ్లేది కాదు. గిరాకీ ఎక్కువగా ఉందని చెప్పేది. అందరూ నమ్మేవాళ్లు.

ఈ అబద్ధం కూతురి దగ్గరే బెడిసికొట్టింది. చదువయ్యాక ఏ ఆఫీసులోనో కుదురుగా కూర్చుంటుందనుకున్న పిల్ల, పెద్ద సరస్సు మీద జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేర్చే పడవలో పనికి చేరింది. తాళ్లు కట్టడంతో మొదలుపెట్టి, పరీక్షలు రాసి, చివరికి చక్రం పట్టే దాకా వచ్చింది. మొదట్లో టైలరమ్మ "ఆడపిల్లకు పడవేమిటే" అని సణిగిన మాట నిజమే. ఆ సణుగుడు నెల తిరక్కుండా ఆగిపోయింది గానీ, మాట కూతురి మనసులో ఉండిపోయింది. ఒక్కసారి వచ్చి నా పడవెక్కమని ఆ పిల్ల పిలిచినప్పుడల్లా తల్లి గిరాకీ సాకు చెప్పేది. తన ఉద్యోగం నచ్చకే అమ్మ రావడం లేదని కూతురు తీర్మానించుకుంది. ఈమధ్య పిలవడమే మానేసింది. ఫోను చేసి అక్కడ గాలి ఎక్కువగా ఉందనో, ఇక్కడ ఎండగా ఉందా అనో మాట్లాడి పెట్టేస్తోంది. కన్నకూతురు తల్లితో ఎండావానా మాట్లాడే పరిస్థితి వచ్చిందంటే అంతకంటే గడ్డురోజు ఏముంటుంది? నిజం చెప్పేద్దామని టైలరమ్మ చాలాసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది. ఎదిగిన పిల్లతో "నాకు ఆగదే తల్లీ" అని ఎలా అనడమని మళ్లీ పెట్టేసింది.

ఇదంతా తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు మొగుడు, బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. రెండోవాడు తమ్ముడు, అదే డిపోలో మెకానిక్కు. బావాబావమరుదులిద్దరూ ఒకచోట చేరితే ఒకరినొకరు దెప్పుకోవడంతోనే పొద్దు గడుస్తుంది. అలాంటివాళ్లు నెల రోజులు గుసగుసలాడుకుని, ఒకనాడు ఎవరో వదిలించుకున్న పాత క్యాంపర్ వ్యానును ఇంటి ముందు తెచ్చి నిలబెట్టారు. అందులో రెండు పడకలు, ఒక పొయ్యి, తలుపు వేసుకుంటే మోకాళ్లు తగిలేంత చిన్న బాత్రూము.

"అక్కా, నువ్వు బాత్రూము వదిలి రాలేవు, అంతేగా? దాన్ని కూడా తీసుకుపోదాం," అన్నాడు తమ్ముడు.

టైలరమ్మకు ఏడుపొచ్చింది. ఒక్క షరతు పెట్టి ఒప్పుకుంది. కూతురికి ముందుగా చెప్పకూడదు. దారిలో ఏదైనా అయి వెనక్కి తిరగాల్సి వస్తే, రాలేదన్న బాధ ఆ పిల్లకు మరోసారి పెట్టడం ఆవిడకు ఇష్టం లేదు.

బయల్దేరే ముందు తమ్ముడు బండి కిందికి వంగి ట్యాంకులు చూపించాడు. గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు పోయేది ఒకటి. దానికి చిన్నల్లుడు అని పేరు పెట్టాడు. పాపం ఏం పెట్టినా నోరెత్తడట. రెండోది అసలు ట్యాంకు, బాత్రూముకు సరిగ్గా కింద ఉన్నది. అది పెద్దల్లుడు.

"ఈయనకు మర్యాదలు జరగాలి," అన్నాడు. "వచ్చీరాగానే మంచినీళ్లివ్వాలి. ఖాళీ కడుపుతో కూర్చోబెట్టకూడదు. గట్టి పదార్థం పెడితే అరగదు. నీళ్ల దగ్గర పిసినారితనం చేశారో, అలిగి కూర్చుంటాడు. ఆయన అలిగితే ఇంట్లో ఎవరూ ఉండలేరు."

అక్కాబావలు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వారు. మంచి మెకానిక్కే గానీ, వాడికి ఏ మాటా తిన్నగా చెప్పే అలవాటు లేదు. ఆ చెప్పినదాంట్లో ప్రతి ముక్కా అక్షరాలా నిజం. ట్యాంకు ఖాళీ చేసిన ప్రతిసారీ అడుగున కొన్ని నీళ్లు పోయాలి, వెళ్లిన ప్రతిసారీ ధారాళంగా నీళ్లు వదలాలి, నీళ్లలో విడిపోయే పల్చటి కాగితమే వాడాలి. ఇంత పనికొచ్చే మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

కాగితం కొనే పని కండక్టరు నెత్తిన వేసుకున్నాడు. బజారుకు వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు చంకలో పట్టనంత కట్ట తెచ్చాడు. మూడు పొరల కాగితం, మీద పూల అచ్చులు, అట్ట మీద దూదిలాంటి మబ్బు బొమ్మ. ఇంత ఖరీదైనది ఎందుకని భార్య అడిగితే, ఉండనీ అని లోపల సర్దేశాడు. ఇంట్లో ఇన్నేళ్లూ చెంబుతో నీళ్లే వాడినవాళ్లు, బండిలో నీళ్లు కొంచెమే ఉంటాయి కాబట్టి కాగితం వాడాలని ఎవరూ చెప్పకుండానే అనేసుకున్నారు.

మొదటిరోజు ప్రయాణం హాయిగా సాగింది. టైలరమ్మ కిటికీ పక్కన కూర్చుని పొలాలు, పెట్రోలు బంకులు, లారీల వెనక రాతలు ఆశగా చూసింది. నాలుగైదుసార్లు లేచింది. లేచినప్పుడల్లా కండక్టరు పాత అలవాటు కొద్దీ బండి పక్కన ఒక్క చరుపు చరిచేవాడు, తమ్ముడు రోడ్డు వారగా ఆపేవాడు. ఆవిడ నీళ్లు ఎక్కువ పోకుండా జాగ్రత్తపడింది. తన వల్ల ట్యాంకు నిండకూడదని చెంచాడు నీళ్లు వదిలి, కాగితం మాత్రం నాలుగు చుట్లు చుట్టి వాడింది. కింద మూత తెరుచుకుంటున్నప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేది. మూడేళ్లుగా తన కడుపులోంచి వచ్చేదాన్ని ఆవిడ చూడటం లేదు. చూస్తే జబ్బు మళ్లీ మొదటికొచ్చిందని తెలుస్తుందేమోనని భయం. మర్నాడు పొద్దున, రాత్రికి ఇలాంటి బండ్లు ఆపుకునే క్యాంపులో మగవాళ్లిద్దరూ గొట్టం తగిలించి ట్యాంకు ఖాళీ చేశారు. పెద్దల్లుడిగారు సుఖంగా ఉన్నారని ప్రకటించి బయల్దేరారు.

మధ్యాహ్నం తిరిగేసరికి బాత్రూము పక్కన గోడ మీద ఎర్రదీపం వెలిగింది. దాని కింద రాసి ఉన్న మాట "నిండినది".

తమ్ముడు బండి ఆపి వచ్చి చూశాడు. పొద్దున్నేగా ఖాళీ చేశాం, అప్పుడే ఎలా నిండుతుందని తల గోక్కున్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు గానీ, టైలరమ్మ గుండెల్లో రాయి పడింది. ముగ్గురు మనుషులకు మూడురోజులు వచ్చే ట్యాంకు అన్నారు. ఒక్క పూటలో నింపేసింది తను. జబ్బు తిరగబెట్టిందనుకుంది. మొగుడు ముఖం పక్కకు తిప్పుకోవడం చూసి, ఆయనకు అసహ్యం వేసిందనుకుంది. మనిషికి సిగ్గు పట్టుకుంటే ఎదురుగా కనిపించేదంతా దానికే సాక్ష్యంగా తోస్తుంది. ఆ క్షణం నుంచి ఆవిడ తిండి మానేసింది. రొట్టె ఇస్తే ఆకలి లేదంది. టీ ఇస్తే తాగినట్టు నటించి సింకులో పోసేసింది. మంచినీళ్లు కూడా ముట్టలేదు. లోపలికి ఏదీ పోకపోతే బయటికి ఏదీ రాదని ఆవిడ లెక్క.

సాయంత్రానికి కొండ దిగువన ఇంకో క్యాంపు చేరారు. ట్యాంకులు ఖాళీ చేసే చోట తవ్వి పోసిన మట్టి, అడ్డంగా కట్టిన తాడు. రిపేరు జరుగుతోంది, రేపు కూడా తెరవరని కాపలా మనిషి చెప్పాడు. సరిగ్గా అప్పుడే కూతురు తండ్రికి ఫోను చేసింది. ఆయన ఎత్తీ ఎత్తగానే వెనక నుంచి బావమరిది అరిచాడు.

"బావా, పెద్దల్లుడు కడుపుబ్బి కూర్చున్నాడు, ఇవాళో రేపో కక్కేస్తాడు!"

 అవతల నుంచి కూతురు, ఎవరు నాన్నా ఆ పెద్దల్లుడు, నాకు చెప్పకుండా ఎవర్ని చూశారు అని నిలదీసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో టికెట్టు లేని పెద్దపెద్దవాళ్లను దింపేసిన కండక్టరు, కూతురి ముందు మాత్రం సిగ్నల్ సరిగా లేదని గొణిగి పెట్టేశాడు. వేరే రోజైతే టైలరమ్మ పడీపడీ నవ్వేది. ఇప్పుడు ఆవిడకు ఒక్కటే వినిపించింది: కక్కేస్తాడు.

మగవాళ్లిద్దరూ దగ్గర్లో ఇంకెక్కడైనా ఖాళీ చేసే చోటుందేమో కనుక్కోవడానికి నడిచి వెళ్లారు. వాళ్లు రాగానే వెనక్కి తిరుగుదామని చెప్పాలని టైలరమ్మ నిశ్చయించుకుంది. సామాను సర్దడానికి కూడా లేచింది. బాత్రూములోంచి తన తువ్వాలు తీసుకోబోతే చేయి కాగితం చుట్ట మీద పడింది. తడి తగిలిన చోట కాగితం మెత్తబడి ఉండాలి. మెత్తబడలేదు. వేళ్ల మధ్య రుద్ది చూసింది. ఇంకా గట్టిగా లాగింది. సాగిందే గానీ చిరగలేదు. కాలర్ లోపల వేసే గట్టిగుడ్డ సరిగ్గా ఇలాగే మొండికేస్తుంది. గ్లాసులో నీళ్లు పోసి ఒక ముక్క వేసి, మూత పెట్టి గిలకరించింది. అయిదు నిమిషాల తర్వాత చూస్తే ఆ ముక్క పూలతో సహా అలాగే తేలుతోంది. వ్యాను అలమారలో పాత యజమాని వదిలేసిన నాసిరకం చుట్ట ఒకటి ఉంటే అందులోంచి ఒక ముక్క ఇంకో గ్లాసులో వేసి గిలకరించింది. అది క్షణంలో విరిగిన పాలై కూర్చుంది.

టైలరమ్మ కాసేపు ఆ రెండు గ్లాసుల వైపు చూసింది. తర్వాత టార్చి తీసింది. బాత్రూములో మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, మూత తెరిచి, మూడేళ్లుగా మూసుకున్న కళ్లు తెరిచి లోపలికి చూసింది.

కింద ట్యాంకు దాదాపు ఖాళీ. అడుగున ప్లాస్టిక్కు పొడిగా మెరుస్తోంది. సరిగ్గా కన్నం కింద మాత్రం, పూల అచ్చులు చెక్కుచెదరని తెల్లకాగితం ఉండలు ఒకదాని మీద ఒకటి గుట్టగా పేరుకున్నాయి. ఒక పొడుగాటి ముక్క గోడకున్న చిన్న మేకును చుట్టుకుని వేలాడుతోంది. రక్తం లేదు, చీము లేదు. భయపడాల్సింది ఒక్కటీ లేదు.

ఆవిడ అక్కడే చతికిలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కొండంత బరువు దిగింది. ఆ వెంటనే భయంకరమైన ఆకలి వేసింది. మగవాళ్లు వేలాడేసుకున్న ముఖాలతో తిరిగొచ్చేసరికి ఆవిడ రొట్టెలన్నీ తినేసి టీ పెట్టుకుంటోంది.

టార్చి ఇచ్చి చూడమంది. తమ్ముడు తల లోపల పెట్టి చూసి, నెత్తి కొట్టుకున్నాడు. ఆ మేకే సెన్సార్ అట. దానికి తడి తగిలితే నిండిందని దీపం వెలుగుతుంది. తడి కాగితం అంటుకున్నా దానికి తేడా తెలియదు. ట్యాంకు నిండలేదు సరికదా, దాహంతో ఎండిపోయి ఉంది. పొద్దున ఖాళీ చేశాక నీళ్లు పోశావా బావా అని అడిగితే, ఎందుకు పోయాలి అన్నాడు కండక్టరు అమాయకంగా.

"ఖాళీ కడుపుతో కూర్చోబెట్టొద్దని చెప్పానా లేదా?"

"అది నిజమైన అల్లుడి గురించి అనుకున్నాను," అన్నాడు కండక్టరు.

టైలరమ్మ గ్లాసులు రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇది కాగితం కాదండీ, బట్ట, ఇంకాస్త గట్టిగా ఉంటే దీంతో సంచి కుట్టొచ్చు అంది. హాస్యానికే అన్నా, ఆ మాటకు మొగుడి ముఖం చిన్నబోయింది. గ్లాసు చేతిలోకి తీసుకుని చూశాడు. తమ్ముడు సంగతి గ్రహించి, బకెట్ తెస్తానని బయటికి వెళ్లిపోయాడు.

"షాపులో అన్నీ బుగ్గకి రుద్దుకుని చూశాను," అన్నాడు కండక్టరు. "అందరూ నవ్వారు. ఉన్నవాటిల్లో ఇదే మెత్తగా ఉంది. నీకు ఒరుసుకుపోయి మంట పుడుతుంది కదా అని."

మంట సంగతి ఆవిడ ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"మీకెలా తెలుసు?"

"కుర్చీలో ఎలా కూర్చుంటున్నావో చూడనా? గోడకివతలే కదా నేనుండేది."

మధ్యాహ్నం ఆ ముఖం పక్కకు తిరిగింది అసహ్యంతో కాదని, ఏం చేయాలో తోచకేనని టైలరమ్మకు అప్పుడు అర్థమైంది. ఇంత మంచిమనిషి పక్కన కూర్చుని మూడేళ్లు ఒంటరిగా కుమిలిపోయానా అనిపించింది. తన మీద తనకే కోపం, ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ, రెండూ ఒకేసారి వచ్చాయి. ఆయన చేయి పట్టుకుని, మెత్తటి కాగితం కూడా మండుతుందండీ, అసలు నాకు హాయిగా ఉండేది నీళ్లే అని చెప్పింది.

"అయితే ఇంకేం," అన్నాడు తమ్ముడు తలుపు దగ్గర నుంచి, బకెట్‌తో. అన్నీ విన్నాడు దొంగవెధవ. "నీళ్లు పోసుకో అక్కా. ఎన్ని కావాలంటే అన్ని పోసుకో. ఆయనకు కావలసిందీ అవే."

ఆ పూట ముగ్గురూ వంతులవారీగా కుళాయి నుంచి బకెట్లు మోసి పెద్దల్లుడికి తాగించారు. తెల్లవార్లూ నాననిచ్చి, పొద్దున్నే కొండదారి ఎక్కారు. మలుపు మలుపుకీ కింద గుడగుడమని నీళ్లు ఊగుతుంటే, తమ్ముడు కావాలనే గతుకుల మీదుగా పోనిచ్చాడు. టైలరమ్మ రెండుసార్లు లేచింది. రెండుసార్లూ చెంబు నిండా నీళ్లు వాడింది. చాన్నాళ్ల తర్వాత మంట లేకుండా కూర్చుంది.

కొండ దాటాక కనిపించిన మొదటి క్యాంపులో ఖాళీ చేసే చోటు తెరిచే ఉంది. గొట్టంలో ఒకచోట లోపల పారేది కనబడటానికి గాజులాంటి ముక్క ఉంటుంది. ముగ్గురూ నడుముల మీద చేతులేసుకుని దానివైపే చూస్తూ నిలబడ్డారు. తమ్ముడు వాల్వు లాగాడు. మొదట ఏమీ లేదు. తర్వాత రెండు చుక్కలు. ఆ తర్వాత గుట్ట విడిపోయి, పూలూ కాగితాలూ అన్నీ కలిసి ఒక్కపెట్టున దూసుకొచ్చాయి. కండక్టరు గట్టిగా రెండు చరుపులు చరిచి, రైట్ రైట్ అన్నాడు. పక్క బండిలో కాఫీ తాగుతున్న దంపతులు వీళ్లకు పిచ్చేమోనని కప్పులు పట్టుకుని లోపలికెళ్లిపోయారు. లోపల గోడ మీద ఎర్రదీపం ఆరిపోయింది. తమ్ముడు ఈసారి ఎవరికీ అప్పగించకుండా తానే రెండు బకెట్ల నీళ్లు పోశాడు. మిగిలిన మబ్బుబొమ్మ కట్టను కండక్టరు పక్క బండి మెట్టు మీద పెట్టబోతే, వాళ్ల కొంప కూడా ముంచుతావా బావా అని లాక్కున్నాడు. ముక్కులు తుడుచుకోవడానికి దాచుకున్నారు.

సరస్సు దగ్గరికి వెళ్లేసరికి ఎండ తగ్గుముఖం పట్టింది. కూతురు రేవులో తాడు చుడుతోంది. వ్యానులోంచి తండ్రి, మేనమామ దిగడం చూసి చేతులు కట్టుకుని నిలబడి, ఏడీ మీ పెద్దల్లుడు అని అడిగింది. మేనమామ వినయంగా వంగి బండి కింద ట్యాంకు చూపించాడు. పిల్లకు విషయం అర్థమయ్యేలోపు వెనక తలుపు తెరుచుకుని తల్లి దిగింది.

కూతురు ముందు నమ్మలేదు. తర్వాత దగ్గరికొచ్చింది గానీ ముట్టుకోలేదు.

"నీకు ఇష్టం లేదుగా అమ్మా."

"ఇష్టం లేక కాదే. నాకు ఆగదు. కడుపులో కదిలిందంటే పరుగెత్తాలి. దారిలో ఎక్కడ పరుగెత్తను? అందుకు రాలేదు. మూడేళ్ల నుంచీ అదే. నీ పడవంటే నాకెందుకు ఇష్టం ఉండదు?"

రేవులో పడవ కోసం నిలబడ్డవాళ్లు నలుగురైదుగురు ఆ మాట విన్నారు. టైలరమ్మ పట్టించుకోలేదు. కూతురు తల్లి భుజం మీద తల పెట్టుకుని, ఇంత చిన్న విషయానికా అమ్మా అని ఏడ్చింది. చిన్నది కాదు. చెప్పేశాక చిన్నదైంది, అంతే.

పడవ అవతలి గట్టుకు వెళ్లి రావడానికి గంట పడుతుంది. వ్యాను రేవులోనే ఉండిపోవాలి. ఆ సంగతి టైలరమ్మకు ఎక్కేముందే తెలుసు. పడవలో కూడా బాత్రూముంది, కాకపోతే వెనకెక్కడో ఇంజను పక్కన. అక్కడికి వెళ్లాలంటే బెంచీల మీద కూర్చున్న జనమందరి మధ్య నుంచి నడవాలి. కూతురు చక్రం దగ్గరికి వెళ్తూ వెళ్తూ, ఏదైనా అనిపిస్తే పడవ వెనక్కి తిప్పేస్తాను, ఎవరేమనుకున్నా సరే అంది. నా కోసం తిప్పావంటే ఊరుకోను అని తల్లి ముందు బెంచీ మీద కూర్చుంది.

పడవ సగం దూరం వెళ్లాక కదలిక మొదలైంది. మూడేళ్లుగా ఏది జరుగుతుందని ఇంట్లో కూర్చుందో అదే జరిగింది. టైలరమ్మ లేచింది. కండక్టరు కూడా లేవబోతే కూర్చోమని సైగ చేసింది. పిల్లల మీదుగా, సంచుల మీదుగా, చాపిన కాళ్ల మీదుగా నడిచి వెనక్కి వెళ్లింది. తలుపు గొళ్లెం కాస్త మొరాయించి పడింది. పని చూసుకుంది. చేతులు కడుక్కుంది. మళ్లీ అదే దారిలో తిరిగొచ్చింది. ఒకాయన కాలు పక్కకు తీసి దారిచ్చాడు. ఒకావిడ చంటిపిల్లకు పక్షిని చూపిస్తూ తల కూడా తిప్పలేదు. పడవ ఆగలేదు. అద్దం వెనక కూతురి వీపు నిటారుగా ఉంది, చేతులు చక్రం మీద ఉన్నాయి.

ఆవిడ కూర్చున్నాక కండక్టరు వంగి, బాగానే ఉందా అని అడిగాడు. తలూపింది. కాసేపటికి, ఇంకెంతసేపుంది గట్టుకు అని అడిగింది. ఆయన కంగారుపడ్డాడు.

"ఎందుకు, తొందరగా దిగాలా?"

"కాదండీ," అంది టైలరమ్మ, "అప్పుడే అయిపోతుందేమోనని."